నీడ పడినంత మేర

మా తాతకి వెళ్ళిన లాయరు నోటీసుని టైపు కొట్టింది నేనే. తెలుగు టైపు, రెండు పేజీలు, కార్బన్ కాగితాలు పెట్టి మూడు కాపీలు. అప్పట్లో పలాసలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకి నేర్పుతూ, ఖాళీ దొరికినప్పుడు కోర్టు కాగితాలు కొట్టిపెట్టేదాన్ని. ఎన్ని వందల కాగితాలు కొట్టానో గుర్తులేదు గానీ ఆ రెండు పేజీలూ మాత్రం ఇప్పటికీ అక్షరం అక్షరం చెప్పగలను.

తాతంటే మా అమ్మమ్మకి తమ్ముడు. మా అమ్మకీ, పిన్నికీ మేనమామ. కవిటికి అవతల, సముద్రపు హోరు వినపడేంత దగ్గరలో ఉన్న ఊళ్ళో తన ఇంటి అరుగు మీదే బ్రాంచి పోస్టాఫీసు నడిపి రిటైరయ్యాడు. నాకు అక్షరాలు వచ్చింది ఆ అరుగు మీదే. సెలవులకి వెళ్తే పక్కన కూచోబెట్టుకుని, ఉత్తరాల మీద ఊళ్ళ పేర్లు కూడబలుక్కుని చదవమనేవాడు. తప్పు చదివితే తిట్టేవాడు కాదు. "ఇలగైతే బారువ ఉత్తరం బరంపురం ఎలిపోద్ది, మళ్ళీ సూడు గుంటా" అనేవాడు. వాన వచ్చినా వరద వచ్చినా ఆ రోజు ఉత్తరం ఆ రోజే చేరాల్సిందే. అందుకే అమ్మమ్మ వీలునామా రాయించినప్పుడు దాన్ని అమలుపరిచే ఎగ్జిక్యూటరుగా ఇంకెవరి పేరూ ఆలోచించలేదు. "నా తమ్ముడి సేతిలో పడ్డ కాయితం ఎక్కడా ఆగదు" అందట.

ఆగింది. నాలుగేళ్ళు ఆగింది.

అమ్మమ్మ తొంభై తొమ్మిది మొదట్లో పోయింది. పన్నెండో రోజు భోజనాలయ్యాక తాత కళ్ళజోడు తుడుచుకుని వీలునామా చదివాడు. ఇల్లు మా మావయ్యకి. కొబ్బరితోట ఇద్దరు కూతుళ్ళకీ. తాత ఊరి పక్కనే ఉన్న ఆ తోట అమ్మమ్మకి వాళ్ళ నాన్న ఇచ్చింది. పడమటి వైపు వరుసలు మా అమ్మకి, తూర్పున సముద్రం వైపు వరుసలు పిన్నికి. మా ఉద్దానం తోటల వైపు పాతకాలపు మనుషులు తోటని గజాల్లో తలుచుకోరు, చెట్ల లెక్కలో తలుచుకుంటారు. అమ్మమ్మ కూడా అలాగే రాయించింది. "చెట్టూ, మిట్టమధ్యాహ్నం ఆ చెట్టు నీడ పడినంత మేర నేలా" అని. ఆ ముక్క దగ్గర తాత కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నాడు. అందరం కళ్ళు తుడుచుకున్నాం. అదొక ముచ్చటైన మాట అనుకున్నామే గానీ అందులో చిక్కుందని ఎవరికీ తోచలేదు.

ఏడాది తిరక్కుండా పంపకాలు చెయ్యకూడదన్నాడు తాత. సంవత్సరీకం కానివ్వండి, మర్నాడే అందర్నీ తోటకి తీసుకెళ్ళి ఎవరి చెట్లు వాళ్ళకి చూపించి, ఆఫీసు కాగితాల మీద సంతకాలు పెట్టేస్తానన్నాడు. సబబే కదా, సరే అన్నాం.

ఆ సంవత్సరీకం రాకముందే పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం వైపు చెట్లు ముందు వంగాయి, తర్వాత విరిగాయి, ఆ తర్వాత వేళ్ళతో సహా లేచి పడుకున్నాయి. గాలి తగ్గాక మేం వెళ్ళేసరికి పిన్ని వరుసల్లో నిలబడ్డ చెట్టు ఒక్కటీ లేదు. అమ్మ చెట్లకి మట్టలు పోయాయి, మొవ్వులు మిగిలాయి. పిన్ని పడిపోయిన చెట్టు మీద కూచుని ఎండుపీచు పీకుతోంది. ఆవిడని నవ్విద్దామనుకున్నాడు మా నాన్న. మరదలు కనిపిస్తే ఏదో ఒక ఎకసెక్కెం ఆడకపోతే ఆయనకి అన్నం సహించదు. మా వైపు బావలందరికీ ఉన్న జబ్బే అది.

"మీ అమ్మ రాత పెకారమైతే నీ నేల కూడా గాలికి ఎలిపోనాది మరదలా. నీడే నేదు, నేలెక్కడిది?" అన్నాడు.

పిన్ని నిజంగానే నవ్వింది. చేతిలో ఉన్న ఎండుపీచు ఆయన మీదికి విసిరింది. తాత నవ్వాడో లేదో నేను చూడలేదు. చూసి ఉండాల్సింది.

సంవత్సరీకం అయింది. మర్నాడు తాత ఏమీ అనకుండా తన ఊరు వెళ్ళిపోయాడు. అడిగితే "సూద్దుం" అన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్ళూ అదే మాట. పంటలయ్యాక చూద్దుం. వానలయ్యాక చూద్దుం. ఓసారి పుష్యమాసం అన్నాడు, ఇంకోసారి మూఢం అన్నాడు. కవరు మీద స్టాంపు వంకరగా అంటిస్తేనే ఓర్చుకోలేని మనిషి నిమ్మకు నీరెత్తినట్టు కూచున్నాడు. తోటకి మాత్రం రోజూ వెళ్తున్నాడని తెలిసేది. పడిన చోట మొక్కలు వేయించాడని కూడా విన్నాం, గట్టు మీంచి చూశాం. తుఫాను తర్వాత ఎవరి తోటలో చూసినా మొక్కలే. అందులో వింత ఏముందనుకున్నాం.

పిన్ని కథ వేరు. బాబాయి పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పని, పిన్ని ఇంటి దగ్గరే పిక్కల పొట్టు తీస్తుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ అద్దె ఇళ్ళే. ఒకావిడ పొట్టు ఎగురుతోందని పొమ్మంది, ఒకాయన కొడుకు పెళ్ళని పొమ్మన్నాడు, ఇంకొకాయన ఏ కారణమూ చెప్పకుండానే పొమ్మన్నాడు. పిన్ని అట్టపెట్టెలు కూడా పారేయడం మానేసింది, ఎలాగూ మళ్ళీ సర్దాలని. ఆవిడకున్న కోరిక ఒక్కటే. తోటలో తన వైపున ఒక చిన్న ఇల్లు. ఎవరూ పొమ్మనలేని ఇల్లు. సర్కారు ఇళ్ళ మంజూరు జాబితాలో పేరు కూడా వచ్చింది. స్థలం కాగితం తెమ్మన్నారు. తాత దగ్గరికి పరిగెత్తింది. "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమ్మీ" అన్నాడు తాత. పేరు కొట్టేశారు.

రెండో జాబితా వస్తోందని తెలిసిన వారంలోనే ఇంటాయన మళ్ళీ ఖాళీ చెయ్యమన్నాడు. పిన్ని ఏడవలేదు. అట్టపెట్టెలు దులుపుతోంది. చూసిన నాకు ఒళ్ళు మండిపోయింది. నా కోపం మామూలుగానే ముక్కు మీద ఉంటుంది, ఆ రోజు నెత్తికెక్కింది. ఆవిడ చెయ్యి పట్టుకుని టెక్కలి బస్సు ఎక్కించాను.

టెక్కలిలో నేను కాగితాలు కొట్టిపెట్టే లాయరు గారు పెద్దాయన. అంతా విని మొదట అడిగిన ప్రశ్న: "తోట మీద వచ్చింది ఆయన తిన్నాడా?"

"ఒక్క కాయ తిన్నేదు బాబూ. మా అక్క కాయలు మా అక్కకి అందిస్తన్నాడు" అంది పిన్ని.

"అదే కష్టం. తిన్నవాడి మీద కేసు సులువు" అన్నారాయన. తర్వాత నెమ్మదిగా విడమరిచారు. వీలునామా రాసిన మనిషి పోయాక ఒక ఏడాది చట్టమే ఎగ్జిక్యూటరుకి వెసులుబాటు ఇస్తుంది. అది దాటితే అడిగే హక్కు వాటాదారులది. మొదట నోటీసు ఇవ్వాలి, ఆస్తి జాబితా చూపించండి, వీలునామా నకలివ్వండి, ఎవరి వాటా వాళ్ళకి అప్పగించండి అని. దానికి ఉలుకూ పలుకూ లేకపోతే శ్రీకాకుళం జిల్లా కోర్టు ఉంది. ఈ బాధ్యత మోస్తావా, వదిలేస్తావా తేల్చు అని కోర్టే ఆయన్ని పిలిపిస్తుంది. వదిలేస్తే వీలునామా జతచేసి, పని చక్కబెట్టుకునే అధికారం వాటాదారులకే ఇస్తుంది. మోస్తానని చెప్పి కూడా మోయకపోతే ఆయన్ని తప్పించమని పైకోర్టు దాకా వెళ్ళి అడగొచ్చు, కోర్టు చేతే పంపకం చేయించమని దావా వెయ్యొచ్చు. ఆయన అశ్రద్ధ వల్ల ఆస్తికి నష్టం జరిగిందని రుజువైతే, ఆయన సొంత జేబులోంచి పూడ్చాలి.

నాకు ఒక్కో మాటా తియ్యగా వినపడుతోంది. పిన్ని ముఖం మాత్రం మాటమాటకీ పాలిపోతోంది.

"తప్పించడమేటి బాబూ? మావని తీసీడమేటి?"

"చట్టం తీసేది ఆ పనిలోంచేనమ్మా. మావని ఎవరు తీస్తారు?"

"అయినా వొద్దు. కోర్టూ వొద్దు, జేబూ వొద్దు. ఆ నోటీసు ఒక్కటీ ఇయ్యండి. ఇల్లు జాబితాకి కాయితం కావాల, అంతే."

ఆయన చేత్తో చిత్తు రాసి చదివి వినిపించారు. "మీ తీవ్ర నిర్లక్ష్యం వలన మా క్లయింటు గూడు కోల్పోయి" అనే చోట పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ మాట తీసీండి బాబూ. మా మావ అలాటోడు కాదు. ఆలీసం అయ్యిందని రాయండి సాలు." లాయరు గారు ఆ మాట కొట్టేసి పైన "జాప్యం" అని రాసి చిత్తు నా చేతికిచ్చారు.

ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి మిషను ముందు కూచున్నాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు అట్టపెట్టెలు కనిపించాయి. జాప్యమట జాప్యం, రైలుకుంటుంది జాప్యం. కొట్టేసిన మాటనే మళ్ళీ కొట్టాను. తీవ్ర నిర్లక్ష్యం. మర్నాడు లాయరు గారు నా మీద నమ్మకంతో చదవకుండానే సంతకం పెట్టేశారు. రిజిస్టరు పోస్టు నేనే చేశాను. పిన్ని కాపీ నా సంచిలోనే ఉంచేసుకున్నాను.

వారానికి రసీదు కార్డు తిరిగొచ్చింది. కింద తాత సంతకం. జన్మంతా ఊళ్ళోవాళ్ళ చేత ఆ చోట సంతకాలు పెట్టించినవాడు, గీత మీద నుంచి ఒక్క అక్షరం జారకుండా పెట్టాడు. నా కోపం అక్కడే కొంత చల్లారింది. ఇంకో మూడు రోజులకి పిన్నికి ఒక పోస్టుకార్డు వచ్చింది. "ఆదివారం పగలు పన్నెండు లోపల తోటకి రావలెను. బావనీ అక్కనీ, టైపు గుంటనీ కూడా తీసుకురావలెను." అంతే.

వెళ్ళాం. అమ్మ, నాన్న, పిన్ని, బాబాయి, నేను. తాత తోటలో నిలబడి ఉన్నాడు. నెత్తిన తువ్వాలు, చేతిలో పాత పోస్టు సంచి. నన్ను చూడగానే సంచిలోంచి నోటీసు తీశాడు. 

"నువ్వే కొట్టినావా గుంటా?"

తలూపాను.

"ఒక్క తప్పు నేదు. సక్కగా కొట్టినావు" అన్నాడు. ఎగతాళి కాదు. అక్షరాలు నేర్పినవాడు మెచ్చుకున్నట్టే మెచ్చుకున్నాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత మమ్మల్ని తూర్పు వైపుకి నడిపించాడు. పడిపోయిన ప్రతి చెట్టు మొదలు పక్కనా ఒక మొక్క. కొన్ని నడుమెత్తు, కొన్ని మనిషెత్తు. ప్రతి మొక్క చుట్టూ ఇసకలో చిన్న చిన్న వెదురు పుల్లలు గుండ్రంగా పాతి ఉన్నాయి. లోపల ఒక వలయం, దాని బయట ఇంకొకటి, అలా నాలుగు.

"ఇయ్యేటి మావా?" అంది పిన్ని.

"నీడ. మొదటేడు ఇక్కడి దాకా వచ్చింది. రెండో ఏడు ఇక్కడికి, మూడో ఏడు ఇక్కడికి. ఇది ఈ ఏటిది." వంగి ఒక్కో పుల్లా తాకి చూపించాడు. "అప్ప రాసిందేటి? నీడ పడినంత మేర. నీడ నేకపోతే నేల నేదని ఆ రోజే మీ బావ అన్నాడు గదా. మాట నిజమే. నాను ఎన్ని మార్లు సదివినా అలాగే ఉన్నాది. అప్పుడే కాయితాలు పెట్టీసుంటే నీకు గుప్పెడు ఇసక కూడా రాకపోను. అందుకే ఏసినాను. నీళ్ళు మోసినాను. ఈ నీడలు ఒకదాన్నొకటి ముట్టుకున్నాక కొలిసి అప్పగిద్దుమని..."

మా నాన్న చేతిలోని చెప్పులు కింద పడ్డాయి. "మావయ్యా, అది ఎకసెక్కేనికి అన్నాను గదా! మరదలితో నవ్వులాటకి అన్నాను!"

"నవ్వులాటకి అన్నా నిజం నిజమే గదా బాబూ."

"మరి ఎవర్నైనా ఓ మాట అడగొచ్చు గదా తాతా?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది.

"అడిగితే ఊసు నలుగురికీ తెలుస్తాది. ఇయ్యాల మీ నాన్నకి ఆశ నేదు. రేపు మీ తమ్ముళ్ళకి పుట్టదని ఏటి? ఆ చిక్కు ఎవులికీ తెల్లకుండా మొక్కలు ఎదిగిపోతే సాలనుకున్నాను."

ఎండ నడినెత్తిన ఉంది. మొక్కల నీడలు కుంచించుకుపోయి మొదళ్ళ దగ్గర చేరాయి. అరవై దాటిన మనిషి నాలుగేళ్ళు నూతి దగ్గర్నుంచి కడవలు మోసి పెంచిన నీడ అది. పిన్ని దాన్ని చూడ్డం లేదు, మొక్కల మధ్యనున్న నేలని చూస్తోంది. తర్వాత ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది.

"నాకు కొబ్బరికాయలెందుకు మావా? ఇల్లు కట్టుకుందుకు జాగా కావాల. సెట్లుంటే నానే కొట్టించీదాన్ని. ఆ గాలి కూలి అడక్కుండా కొట్టీసింది. నువ్వేమో జాగా నిండా మళ్ళీ మొక్కలేసీసినావు!"

తాత మొక్కల వంక, పిన్ని వంక మార్చి మార్చి చూశాడు. ఆ ముఖం నేను మరిచిపోలేను.

మర్నాడే తాతని టెక్కలి తీసుకెళ్ళాం. లాయరు గారు వీలునామా అసలు కాగితం చూడడం అదే మొదటిసారి. ఆ వాక్యం రెండుసార్లు చదివి, "అమ్మ పోయిన రోజు చెట్లున్నాయా?" అని అడిగారు.

"నిండుగా ఉన్నాయి బాబూ."

"అయితే ఆ రోజు నీడే లెక్క. వీలునామా ప్రాణం పోసుకునేది రాసిన మనిషి ప్రాణం పోయినప్పుడు. ఆ రోజున్న ఆస్తి ఆ రోజే ఈవిడదైంది. తర్వాత పడ్డవి ఈవిడ చెట్లుగానే పడ్డాయి. నేల ఎక్కడికీ పోలేదు. ఇక మీరు సరే అనడమే మిగిలింది. దానికి దస్తావేజు కూడా అక్కర్లేదు, నోటి మాట చాలు."

"ఇంతేనా?" అన్నాడు తాత.

"ఇంతే."

తాత కాసేపు బల్ల చెక్క మీద వేలితో ఏదో రాసుకున్నాడు. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడి, పోస్టాఫీసులో పేరు పిలిచినట్టు పిన్నిని ఇంటిపేరుతో సహా పిలిచి, "తూరుపు వరసలు నీవి. నేల నీది. అప్పగించినాను" అన్నాడు. ఆ తర్వాత మండలాఫీసులో సంతకాలకి తనే వచ్చాడు. గుమాస్తా రేపు రమ్మంటే అక్కడే బల్ల మీద కూచుని, ఆఫీసు మూసేదాకా కదల్లేదు. రెండో జాబితాలో పిన్ని పేరు వచ్చింది.

తాపీ మేస్త్రి తాడు పట్టి చూస్తే మూడు మొక్కలు అడ్డొచ్చాయి. తీసి పారెయ్యమన్నాడు తాతే. రెండింటిని నలుగురు మనుషులు మట్టిగడ్డతో సహా ఎత్తి పక్కకి నాటారు. మూడోది వంటగది మూల మీదికి వస్తోంది. పిన్ని దాన్ని ముట్టుకోనివ్వలేదు. "గోడ వొంపీండి. గోడ వొంకరైతే అన్నం ఉడకదా?" అంది. మేస్త్రి తిట్టుకుంటూనే వంచాడు. అందుకే మా పిన్ని వంటగదిలో ఏ గట్టూ గోడకి సరిగ్గా ఆనదు, తలుపు సగమే తెరుచుకుంటుంది.

గృహప్రవేశం నాడు తాత ఆ వంకర మూల దగ్గరే పీట వేయించుకుని కూచున్నాడు. ఆ తర్వాత నాలుగేళ్ళకి పోయాడు. తన కాగితాలన్నీ తన చేత్తోనే ముందే పంచేసి, ఎవరికీ ఏ పనీ మిగల్చకుండా పోయాడు.

ఆ ఏడాది వేసవిలో ఓ మధ్యాహ్నం వంటగది గుమ్మంలో పిన్నీ నేనూ కూచుని జీడిపిక్కలు వలుస్తున్నాం. ఆరేళ్ళుగా కడుపులో ఉన్నది ఇక ఆగలేదు. చెప్పేశాను. నువ్వు తీయించిన మాట నేను మళ్ళీ కొట్టాను పిన్నీ, లాయరు గారి తప్పు కాదు, నాదే అని.

పిన్ని చేతిలో పిక్క వలవడం ఆపలేదు. "నాకు ఎరికే" అంది.

"ఎలా తెలుసు?"

"ఆ మొక్కలు సూపించిన రోజే. తిరిగొచ్చీటప్పుడు ఎండలో మీరంతా ముందు నడిసినారు గదా. మావ సేతిలో కాయితం తీసుకుని సదివినాను. ఆ మాట నాను తీయించీసినాను మావా, ఎలగొచ్చిందో తెల్దు అని ఏడిసినాను. మావ కాయితం మడిసి సంచిలో పెట్టీసినాడు. 'గుంటకి నీ మీద పేనం. ఆ కోపంలో కొట్టింది. నువ్వు అడక్కు, సిన్నబోద్ది' అన్నాడు. అందుకే అడగలేదు."

నేను లేచి లోపలికి పోదామనుకున్నాను. తలుపు సగమే తెరుచుకుంది. చెట్టు నీడ గుమ్మం దాటి పొయ్యి గట్టు దాకా వచ్చి ఉంది. దాన్ని తొక్కకుండా లోపలికి వెళ్ళడానికి దారి లేదు. అక్కడే గోడకి ముఖం ఆనించి ఏడ్చాను. పిన్ని ఏమీ అడగలేదు.